ఫిల్ము తిప్పకుండా తీసిన ఫోటో

ఈ మధ్య ఎవరెవరో కుర్రాళ్ళు మెడలో పాత ట్విన్ లెన్స్ కెమెరాలు వేలాడేసుకుని మా ఇంటి మెట్లెక్కుతున్నారు. ఒకడు విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లో కొన్నానంటాడు, ఇంకొకడు ఫోన్లో చూసి తెప్పించుకున్నానంటాడు. ఫిల్ము ఎక్కడ దొరుకుతోందో నాకు తెలియదు, వాళ్ళకే తెలుసు. మంచినీళ్ళు తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అందరూ అడిగేది ఒకటే. ‘తాతగారూ, మీరు రెండూ చూశారట కదా. జర్మనీది మంచిదా, జపానుది మంచిదా?’

నాకు నవ్వొస్తుంది. ఈ ప్రశ్న మీద నేనూ మా బావా కలిసి పనిచేసినన్నాళ్ళూ కొట్టుకున్నాం. తీర్పు చెప్పే పెద్దమనిషి ఎవరూ లేకపోవడం వల్ల ఆ తగువు హాయిగా సాగింది. అన్నం దగ్గర మొదలుపెడితే మా అక్క విసుక్కుని మజ్జిగ గిన్నె మా ఇద్దరి మధ్యా ఠపీమని పెట్టి లేచిపోయేది. ఇప్పుడు వచ్చిన కుర్రాళ్ళకి ఏదో ఒకటి చెప్పి పంపేస్తున్నాను గానీ, నిజానికి నేను చెప్పవలసింది ఒక రోజు సంగతి. అది ఒక గుక్కలో చెప్పేది కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. ట్విన్ లెన్స్ అంటే ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళున్న పెట్టె. పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను ఫిల్ము కోసం. దీన్ని కంటికి ఆనించుకోం. పొట్ట దగ్గర పట్టుకుని, పైన మూత తెరిచి, తల వంచి గాజుపలక మీద బొమ్మ చూస్తాం. ఆ పలక మీద మనిషి నిటారుగానే ఉంటాడు గానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎదురుగా ఉన్నవాడు ఇటు జరిగితే పలక మీద అటు జరుగుతాడు. కొత్తలో కళ్ళు తిరుగుతాయి. పైగా తల వంచి తీస్తాం కదా, కొందరు పెద్దవాళ్ళు మేం దణ్ణం పెడుతున్నామనుకుని చెయ్యెత్తి దీవించేవారు. దీవిస్తున్న తాతల ఫోటోలు మా స్టూడియోలో చాలా ఉండేవి.

మాది చీపురుపల్లి. అక్కని టెక్కలి ఇచ్చారు. బావకి బజారులో ఫోటో స్టూడియో ఉండేది. చదువు అబ్బక ఊళ్ళో ఖాళీగా తిరుగుతుంటే అక్క కబురు పెట్టింది. నాలుగు రోజులుండి వద్దామని రైలెక్కినవాణ్ణి, ఆ స్టూడియో మూతపడేదాకా అక్కడే ఉండిపోయాను. మొదట్లో కడగడం, ఆరబెట్టడం. తర్వాత నేను కూడా ఫోటోలు తీసేవాణ్ణయ్యాను. అప్పటి నుంచే గొడవ.

జర్మనీ కెమెరా బావది. ఏదో పాత బంగళాలో సామాను అమ్మకానికి పెడితే కొన్నాడు. దాన్ని మా అక్క పెళ్ళి పట్టుచీర చింపిన ముక్కలో చుట్టి ఉంచేవాడు. ఆ చీర సంగతి అక్క ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ కెమెరాకి పక్కన ఒక పిడి. దాన్ని ఒక్కసారి ముందుకి తిప్పి వెనక్కి తెస్తే ఫిల్మూ జరుగుతుంది, షట్టరూ ఎక్కుతుంది, అంటే తర్వాతి ఫోటోకి సిద్ధమవుతుంది. ఫిల్ము జరపకుండా రెండోసారి నొక్కుదామన్నా నొక్కనివ్వదు. మతిమరుపువాడి చేతిలో పెట్టినా తప్పు జరగదు. ఇక దాని లెన్సు సంగతి చెప్పక్కర్లేదు. వడ్ల బస్తా ఫోటో తీస్తే గింజలు లెక్కపెట్టుకోవచ్చు.

నాది జపాను కెమెరా, అందులోనూ పాత రకం. విజయనగరంలో ఒక ఫోటోగ్రాఫరు గారు పని మానేస్తూ నాకు ఇచ్చారు. ఫిల్ము తిప్పడానికి ఒక గుండీ, షట్టరు ఎక్కించడానికి లెన్సు పక్కన ఒక మీట. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. ఫిల్ము తిప్పడం మరిచిపోయి మీట ఎక్కించి నొక్కితే, తీసిన బొమ్మ మీదే ఇంకో బొమ్మ పడిపోతుంది. అలా ఒక ఒడుగులో వటువు నెత్తిన అరటి గెల మొలిచింది. సాలూరులో ఒక లారీ ఓనరుగారు కొత్త లారీకి కొబ్బరికాయ కొడుతుంటే ఆయన పొట్టలోంచి రెండు హెడ్‌లైట్లు బయటికొచ్చాయి. ఆ ఫోటో చూసి బావ నా కెమెరాకి ‘దెయ్యాల డబ్బా’ అని పేరు పెట్టాడు.

నా తరఫున కూడా చెప్పుకోవాలి. నా లెన్సు కొంచెం మెత్తన. అంచుల దగ్గర మరీ మెత్తన. అందువల్ల మొహాలు బాగుండేవి. బావ తీసిన ఫోటోలో ఆడవాళ్ళు తమ మొటిమలు చూసుకుని గతుక్కుమనేవారు. ‘ఆ రెండో ఆయన్ని తియ్యమనండి’ అని అక్క చెవిలో చెప్పి వెళ్ళేవారు. బావ వినిపించుకోనట్టు ఉండేవాడు గానీ ఆ పూట కాఫీ ఇంకాస్త చేదుగా ఉందనేవాడు.

ఇంకొకటి. అప్పట్లో మా వైపు డబుల్ యాక్షన్ ఫోటోల పిచ్చి ఉండేది. ఒకే మనిషి ఒకే ఫోటోలో రెండు చోట్ల కనపడాలి. కుర్చీలో కూచున్నదీ వాడే, పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నదీ వాడే. దీనికి చెయ్యవలసిందల్లా నల్ల అట్టముక్కతో కింది లెన్సులో సగం మూసి ఒకసారి నొక్కడం. ఫిల్ము తిప్పకుండా, కెమెరా వెంట్రుకవాసి కదలకుండా, రెండో సగం మూసి ఇంకోసారి నొక్కడం. రెండు సగాలూ మధ్యలో అతుకు తెలియకుండా కలిసిపోతాయి. జర్మనీది దీనికి ఒప్పుకోదు కాబట్టి ఆ బేరాలన్నీ నావే. బావ దృష్టిలో అది సర్కసు. ‘ఫోటో అంటే ఉన్నది తియ్యాల. లేంది తీస్తే ఆడు ఫోటోగ్రాఫరు కాదు, గారడీవోడు’ అనేవాడు.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. ఆవిడది సముద్రం ఒడ్డున భావనపాడు. రోజూ బస్సులో చేపల తట్ట వేసుకుని టెక్కలి బజారుకి వచ్చేది. అక్క ఆవిడ దగ్గరే కొనేది. అమ్మకం అయ్యాక బస్సు వచ్చేదాకా మా స్టూడియో అరుగు మీద కూచునేది. తట్ట వాసన ఫిల్ముకి పడుతుందని బావ సణిగేవాడు. ఫిల్ముకి ముక్కు లేదని ఆవిడ ముందే నేను అనేవాణ్ణి.

ఒక రోజు ఆవిడ అద్దాల బీరువాలో ఉన్న ఒక డబుల్ యాక్షన్ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. రైసుమిల్లు గుమస్తా ఒకాయన తనతో తనే పేకాడుతున్న ఫోటో అది.

‘ఈలిద్దరూ కవలలేటి బాబూ?’ అంది.

కాదు, ఒకడే, రెండుసార్లు తీసి కలిపామని చెప్పాను. ఆవిడ మళ్ళీ ఫోటో వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది.

‘ఒకడ్ని రెండుసార్లు తీసి ఒక్క కాయితం మీద పెట్టినోడివి. ఇద్దర్ని సెరోసారి తీసి ఒక్క కాయితం మీద పెట్టలేవేటి?’

పెట్టగలనన్నాను. ఆవిడ అరుగు మీద చతికిలబడి తన గోడు చెప్పింది. ఇద్దరు కొడుకులు. తండ్రి పోయాక ఒకే పడవ మీద వేటకెళ్ళేవారు. వెళ్ళొద్దని పెద్దవాడు చెప్పిన రోజున చిన్నవాడు పడవ వేసుకెళ్ళాడు. వల సముద్రం పాలయింది. దాంతో మాటా మాటా పెరిగి విడిపోయారు. ఇప్పుడు ఒకడి పడవ ఒడ్డుకి ఆ చివర ఆగుతుంది, ఇంకొకడిది ఈ చివర. ఒకరి మొహం ఒకరు చూడరు. ఇద్దరి చేపలూ మాత్రం ఆవిడ తట్టలోకే వస్తాయి. మొన్న తుఫానుకి ఇల్లు మునిగితే తండ్రితో కలిసి తీయించుకున్న ఒక్క ఫోటో కూడా నీళ్ళలో పోయింది. ఇప్పుడు చిన్నవాడు గుజరాత్ వెళ్ళిపోతున్నాడు. మా వైపు మత్స్యకారులు వేరావల్ వెళ్ళి అక్కడి పెద్ద బోట్ల మీద పనిచేయడం మామూలే. సీజను అయ్యాక కొందరు వస్తారు, కొందరు అక్కడే ఉండిపోతారు.

‘ఆడెల్లిపోతే మల్లీ ఎప్పుడొత్తాడో ఏటో. నా బిడ్డలిద్దరూ ఒక్క సోట ఉన్నట్టు నాను సూసుకోవాల బాబూ. అంతే. ఇంకేటీ ఒద్దు’ అంది.

లోపలి నుంచి బావ వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు.

‘వాళ్ళకి సెప్తావా ఈ సంగతి?’ అని అడిగాడు ఆవిణ్ణి.

‘సెప్తే ఒక్కడూ రాడు.’

‘మరది మోసం కదమ్మా. కలవనోళ్ళని కలిసినట్టు సూపించడం.’

‘ఒక్క గుడిసిలో ఒక్క కంచంలో తిన్నోలు బాబూ. ఒక్క కాయితం మీదుంటే ఏటైపోద్ది?’

బావ కళ్ళజోడు తీశాడు. జవాబు తోచనప్పుడు దాన్ని తుడుచుకోవడం ఆయనకి అలవాటు. ఆ రోజు చాలాసేపు తుడిచాడు.

నాకు మాత్రం వేరే బెంగ పట్టుకుంది. ఆవిడ ఇద్దరి మధ్యా తను కూడా ఉండాలంది. డబుల్ యాక్షన్‌లో మధ్య భాగం ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాం. అక్కడే రెండు సగాలూ కలుస్తాయి. అక్కడున్న మనిషి మీద సగం వెలుగు మొదటిసారి, సగం రెండోసారి పడుతుంది. రెండుసార్లకీ మధ్య ఆ మనిషి కదిలితే అంతా పాడే. ఒక కొడుకు వెళ్ళిపోయి ఇంకో కొడుకు వచ్చేదాకా ఆవిడ రాయిలా నిలబడాలి. అదే చెప్పాను. పమిట ఎగరకూడదు, కాలు మార్చకూడదు, నా కింది లెన్సునే చూడాలి.

‘ఆలిద్దరి నడాన కదలకుండా నిలబడ్డం నాకు కొత్తేటి బాబూ’ అంది ఆవిడ.

ఆ వారంలోనే భావనపాడు వెళ్ళాం. బావ వస్తాడనుకోలేదు. కానీ పొద్దున్నే పట్టుచీర ముక్క విప్పి జర్మనీదాన్ని సంచిలో పెట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. ‘నీ దెయ్యాలు ఏటి సేస్తాయో. నాను విడివిడిగా రెండు ఫోటోలు తీస్తాను. పెద్దోడితో ఒకటి, చిన్నోడితో ఒకటి. నీది పాడైతే ఆవిడకి నావైనా మిగుల్తాయి’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లోలోపల ధైర్యంగా కూడా అనిపించింది.

ఒడ్డు మీద ఎండ బాగా ఉంది. ఇసకలో స్టాండు నిలవదు కాబట్టి మూడు కాళ్ళ కిందా పాత పడవ చెక్కముక్కలు పెట్టి, పైనుంచి సంచిలో రాళ్ళు వేసి వేలాడదీశాను. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పమిట చెంగు గట్టిగా నడుముకి దోపుకుంది. ఆవిడ పాదాల చుట్టూ ఇసకలో పుల్లతో గీత గీశాను. ఆ గీత దాటొద్దన్నాను.

తనతో ఫోటో అని మాత్రమే తల్లి ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. ముందు పెద్దవాడు వచ్చాడు. పొడుగ్గా, మాటలు తక్కువ. తల్లికి కుడి పక్కన నిలబడ్డాడు. ముందు బావ తన కెమెరాతో తీశాడు. ‘అమ్మా, ఇటు సూడు’ అన్నాడు. ఆవిడ బావ వైపు బిగుసుకుపోయి చూసింది. తర్వాత నేను నల్ల అట్ట అడ్డం పెట్టి నొక్కాను. ‘అయిపోయింది, నువ్వెళ్ళొచ్చు’ అన్నాను.

‘అమ్మేటి, రాదా?’ అన్నాడు.

‘ఆవిణ్ణి కొంచెంసేపు ఉండమన్నాను.’

అతను తల్లిని చూశాడు. దూరంగా ఇంకో పడవ పక్కన వీపు ఇటు పెట్టి కూచున్న తమ్ముణ్ణి చూశాడు. తన పడవ వైపు నడిచాడు. ఆ నడక మహా నెమ్మది. అన్న పడవల చాటుకి పోతే తప్ప తమ్ముడు లేవడు. ఆ మధ్యకాలమంతా ఆవిడ ఆ గీతలోనే ఉంది. ఎండకి చెమట కణతల మీంచి జారుతోంది, తుడుచుకోలేదు. బావ తన గొడుగు తెరిచి ఆవిడ తల మీద పట్టాడు. ఫోటోలో నీడ పడుతుందని నేను అరవబోతుంటే, ‘నొక్కేటప్పుడు తీస్తాన్రా, ముయ్యి’ అన్నాడు.

చిన్నవాడు వచ్చాడు. ప్రయాణానికి కొన్న కొత్త చొక్కా. తల్లికి ఎడమ పక్కన నిలబడి, ‘బేగి తియ్యండి, బస్సున్నాది’ అన్నాడు. బావ గొడుగు తీసి పక్కకి జరిగాడు. ఆవిణ్ణి కదిలించకూడదు గనక ఈసారి ముందు నాదే. ఫిల్ము గుండీ ముట్టుకోలేదు. మీట ఎక్కించాను. అట్ట మార్చాను. నొక్కాను. ఆ తర్వాత బావ తీశాడు. ‘అమ్మా, ఇటు సూడు’ అన్నాడు మళ్ళీ.

అయిపోయిందనగానే ఆవిడ గీత దాటి వచ్చి చిన్నవాడి చొక్కా గుండీ సరిచేసింది. తర్వాత వాడి వెంట బస్సు దాకా వెళ్ళింది.

మేమూ ఇంకో బస్సు ఎక్కాం. ఎక్కి కూచున్నాక నాకు అనుమానం పట్టుకుంది. రెండోసారి అట్ట ఏ సగానికి పెట్టాను? చిన్నవాడు నాకు కుడి వైపు నిలబడ్డాడు. గాజుపలక మీద ఎడమ వైపు కనిపించాడు. నా చెయ్యి నిజమైన కుడిని నమ్మిందా, పలక మీద ఎడమని నమ్మిందా? పలకని నమ్మి ఉంటే చిన్నవాడి సగమే మూసేసి ఉంటాను. అప్పుడు ఫోటోలో పెద్దవాడుండే చోట ఇసకా సముద్రం రెండోసారి పడి, అతను సగం కనపడీ కనపడకుండా ఉంటాడు. చిన్నవాడు అసలుండడు. వేరావల్ వెళ్ళిపోయినవాణ్ణి మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?

అట్ట చేతిలో ఉన్నట్టు గాల్లో అటూ ఇటూ చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. పక్క సీట్లో కూచున్న ముసలాయన కంగారుపడి జరిగాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, ‘కుడి ఎడమల గొడవేనా?’ అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. ‘నాకూ పట్టుకుంతాదిరా అప్పుడప్పుడు’ అన్నాడు. అంతకుమించి ఏడిపించలేదు. ఆయన ఏడిపించకపోతే నాకు ఇంకా భయం వేసింది.

స్టూడియోకి చేరగానే డార్క్‌రూములోకి వెళ్ళాను. బావ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫిల్ము కడిగి దీపం ముందు పెట్టి చూస్తే పెద్దవాడు ఉన్నాడు. చిన్నవాడు ఉన్నాడు. మధ్యలో ఆవిడ ఉంది. అతుకు తెలియడం లేదు. సముద్రం గీత ఆ చివర నుంచి ఈ చివర దాకా తిన్నగా ఉంది. బావ నా వీపు మీద ఒకటి చరిచాడు.

ప్రింటు వేశాకే అసలు సంగతి తెలిసింది. ఆవిడ ఒళ్ళు ఎక్కడా చెక్కు చెదరలేదు. చీర కుచ్చిళ్ళతో సహా నిలకడగా ఉంది. చెదిరింది మొహం. నేను కింది లెన్సు చూడమన్నాను. ఆవిడ చూడలేదు. మొదటిసారి నొక్కినప్పుడు పెద్దవాడి వైపు తిరిగి చూసింది, రెండోసారి చిన్నవాడి వైపు. నేను అట్ట గొడవలో గమనించలేదు. ఇప్పుడు ఒకే మొహంలో రెండు మొహాలు పడ్డాయి. కళ్ళు నాలుగని చెప్పలేం, రెండనీ చెప్పలేం.

పక్కనే బావ ప్రింట్లు ఆరుతున్నాయి. చెప్పకూడదు గానీ అద్భుతంగా ఉన్నాయి. వల ముడులు, పెద్దవాడి చేతి మీద కాయలు, చిన్నవాడి కొత్త చొక్కా మడతలు, ఆవిడ నుదుటి మీద ముడతలు, అన్నీ గీసినట్టు ఉన్నాయి. ఇన్నేళ్ళ తగువులో నేను అంత చిత్తుగా ఓడిన రోజు లేదు. బావ మాత్రం గెలిచినట్టు లేడు. ‘పోనీలేరా. ఆవిడొస్తే రెండూ సూపిద్దాం’ అన్నాడు.

ఆవిడ మర్నాడు తట్ట దించి లోపలికి వచ్చింది. బల్ల మీద మూడు ఫోటోలూ పరిచాం. బావవి రెండు, నాది ఒకటి. నేను ముందే సంజాయిషీ మొదలుపెట్టాను. మొహం చెదిరిందమ్మా, కింది లెన్సు చూడమంటే చూడలేదు నువ్వు, అన్నాను.

ఆవిడ బావ ఫోటోలు చూసి బాగున్నాయంది. తర్వాత నాది చేతిలోకి తీసుకుంది. మనిషి ఒక్కసారిగా కూచుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని నేను బావ వైపు చూశాను. ఏడవడం లేదు, నవ్వుతోంది.

‘మొహం పాడైంది కదమ్మా’ అన్నాను మళ్ళీ.

‘నా మొహం నాకేటికి బాబూ. నాను సూడాలంది ఆలిద్దర్ని గదా’ అని ఆ ఒక్కటే తీసుకుంది. బావ తన రెండూ కూడా ఊరికే ఇస్తానన్నా వద్దంది. ఆయన మూడు నాలుగు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

కొన్ని వారాలకి పెద్దవాడు ఒక్కడే టెక్కలి వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. నేను పిలిచాక వచ్చి, సంచిలోంచి ఆ ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డలో చుట్టి తెచ్చాడు.

‘ఇది సేసింది మీరేనా?’

నేనేనన్నాను. బావ కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మోసం అన్నది ఆయనే అయినా, తన్నులు తినాల్సి వస్తే నాతో కలిసి తినడానికే వచ్చాడని ఇప్పటికీ నా నమ్మకం.

అతను కేకలేమీ వెయ్యలేదు. ‘మాయమ్మ దీన్ని తలకింద ఎట్టుకుని పడుకుంతంది. అడిగితే ఇవ్వనన్నాది. సెప్పకుండా తెచ్చినాను. నాకూ ఒకటి కావాల. ఆడు లేకుండా సెయ్యండి. నానూ అమ్మా ఉంటే సాలు’ అన్నాడు.

బావ సొరుగు లాగి తన ఫోటో తీశాడు. ‘నీక్కావల్సింది ఇదిగో. నువ్వూ అమ్మా మాత్రమే. ఎంత బాగుందో సూడు’ అన్నాడు. ఎదురుచూస్తున్న రోజు ఆయనకి వచ్చినట్టే ఉంది.

అతను ఆ ఫోటో పట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

‘ఇందులో అమ్మ మిమ్మల్ని సూస్తంది. అందులో నన్ను సూస్తంది.’

బావ ఆ ఫోటో తీసి మళ్ళీ సొరుగులో పెట్టాడు. నేను అతను తెచ్చిన ప్రింటు ముందుకి జరిపి, ఎక్కడిదాకా కత్తిరించాలో చూపించమన్నాను. అతను తమ్ముడి బొమ్మ మీద అరచెయ్యి పెట్టి మూశాడు. పెద్ద చెయ్యి, వల లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. తమ్ముడు మొత్తం దాని కింద పోయాడు. అన్నా, తల్లీ, సముద్రం మిగిలాయి.

అలా మూసి ఉంచి తల్లి మొహం కేసి చూశాడు. మేమూ చూశాం. ఆ మొహంలో ఒక చూపు అతని వైపు ఉంది. ఇంకో చూపు అతని చేతి వైపే ఉంది. చిన్నవాడు పోయినా ఆవిడ అటు చూడ్డం మానలేదు. అతను చెయ్యి కొంచెం జరిపి చూశాడు, ఇంకా జరిపి చూశాడు. ఎక్కడ మూసినా అంతే. ఆ మొహంలోంచి ఒక చూపు ఉంచి రెండోది తీసెయ్యడం నాకు చేతకాదు, బావ జర్మనీ కెమెరాకి కూడా చేతకాదు.

అతను చెయ్యి తీసేశాడు. తమ్ముడు కొత్త చొక్కాతో మళ్ళీ బయటికి వచ్చాడు.

‘ఉంచీయండి. ఆడ్ని కూడా ఉంచీయండి’ అన్నాడు.

సాయంత్రానికి ఇస్తామన్నాను. సరేనని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. మా ఇద్దరి వైపూ కాకుండా బజారు వైపు చూస్తూ, ‘రెండు సెయ్యండి బాబూ. ఆడికొకటి పంపాల’ అన్నాడు.

అడ్రసు చెప్తే మేమే పోస్టులో వేస్తామని బావ కాగితం, పెన్నూ తీశాడు.

‘నాకు తెల్దు. ఆడెల్లి ఇన్నాళ్ళైనా నాను అడగనేదు’ అన్నాడు అతను. ‘ఉండండి. అమ్మనడిగి వస్తాను’ అని, తల్లి చేపలమ్ముతున్న వైపు బజారులోకి గబగబా నడిచాడు.